మెక్సికోలో మృతుల దినాలు: ఏటిసూతకంలో ఉన్నవారు చూడటానికి వెళ్లవచ్చా?

తుంగభద్ర · 2024 సెప్టెంబర్ 8

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు ఈ ఏడాది మార్చిలో కర్నూలులో కాలం చేశారు. నేను డాలస్‌లో ఉంటున్నాను. ప్రయాణానికి కావలసిన కాగితాలు సకాలంలో చేతికి రాకపోవడం వల్ల దహనానికి అందుకోలేకపోయాను. కర్మకాండ అంతా మా తమ్ముడు ఫోనులో చూపిస్తుంటే ఇక్కడ వంటింట్లో నిలబడి చూశాను. నేను చేయవలసినదేదో చేయకుండా ఉండిపోయానన్న బాధ పదమూడో రోజు దాటినా, ఆరు నెలలు గడిచినా తగ్గలేదు.

నాతో పనిచేసే ఒకామె మెక్సికో దేశస్థురాలు. నవంబర్ 1, 2 తేదీలలో తమ దేశంలో పోయినవాళ్లు ఇంటికి వస్తారని, వారికోసం దీపాలు పెట్టి, ఇష్టమైన వంటలు వండి ఎదురుచూస్తారని ఆమె చెప్పి, ఒకసారి వెళ్లి చూడమన్నారు. వహాకా వెళ్దామని అనుకుంటున్నాను. అయితే నాకు రెండు సందేహాలున్నాయి. ఏడాదిలోపు మన పండుగలే చేసుకోకూడదు కదా, మరొకరి పండుగకు ఎలా వెళ్తావని మా అత్తగారు అడిగారు. రెండవది నా సొంత సందేహం. ముక్కూ మొహం తెలియని కుటుంబాలు తమవారి సమాధుల దగ్గర కూర్చుని ఉండగా మనం వెళ్లి చూడటం సభ్యతేనా? అక్కడికి వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.

కొల్లేటి_కొంగ · 2024 సెప్టెంబర్ 8

తుంగభద్ర గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. నేను 2017 నుండి మెక్సికో నగరంలో ఉద్యోగం చేస్తున్నాను, ఏడు నవంబర్లు ఇక్కడ చూశాను.

"పండుగ" అనే మాట దగ్గరే మన తికమక మొదలవుతుంది. ఇక్కడివారు చేసేది మన మహాలయ పక్షానికి దగ్గరగా ఉంటుంది. అక్టోబర్ 28న ప్రమాదాలలో, హింసలో పోయినవారిని తలచుకునే ఆచారం చాలాచోట్ల ఉంది. 31 రాత్రి నుండి నవంబర్ 1 వరకు పసిపిల్లల ఆత్మలు వస్తాయంటారు, వారిని "చిన్న దేవదూతలు" అని పిలుస్తారు. 1వ తేదీ మధ్యాహ్నం నుండి 2వ తేదీ వరకు పెద్దలు. ప్రాంతాన్నిబట్టి ఈ తేదీలు ముందువెనుకలవుతాయి. ఇంట్లో కట్టే పీఠాన్ని ఓఫ్రెండా అంటారు. దాని మీద పోయినవారి ఫొటో, దారిలో దాహం వేసి వస్తారు కాబట్టి గ్లాసెడు నీళ్లు, ఉప్పు, ఒక్కొక్కరి పేర ఒక్కొక్క కొవ్వొత్తి, మట్టి ధూపపాత్రలో కోపాల్ అనే చెట్టుబంక పొగ, బంతిపూలు, వారు బతికున్నప్పుడు ఇష్టపడిన తినుబండారాలు ఉంటాయి. మా ఇంటి యజమానురాలు వాళ్ల నాన్న ఫొటో ముందు ఆయన కళ్లజోడు, ఒక చుట్టల డబ్బా పెడతారు. కళ్లజోడును ఏటా కొత్త గుడ్డతో తుడిచి పెట్టడం నేను చూశాను.

ఇక మీ సందేహానికి సూటిగా తగిలే విషయం ఒకటుంది. మన దగ్గర మొదటి ఏడాది అంతా ఆంక్షలు. ఇక్కడ చాలా ప్రాంతాలలో ఆ ఏడాది పోయినవారికే అన్నిటికంటే పెద్ద పీఠం కడతారు. వహాకా రాష్ట్రంలోనే హుచితాన్ వైపు జపోటెక్ ప్రజలు మరణించి కనీసం నలభై రోజులు నిండినవారికి కట్టే మొదటి పీఠాన్ని "పచ్చి" పీఠం అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. పుయెబ్లా రాష్ట్రంలో వాకెచూలా అనే ఊరు ఉంది. అక్కడ ఆ ఏడాది మరణం జరిగిన ఇళ్లలో తెల్లని శాటిన్ గుడ్డతో అంతస్తులుగా, పైకప్పును తాకేటంత ఎత్తున పీఠాలు కట్టి, వీధి తలుపులు బార్లా తెరిచి ఉంచుతారు. ఊరివారైనా బయటివారైనా ఒక కొవ్వొత్తి పట్టుకుని వచ్చి, పీఠం ముందు పెట్టి, కాసేపు నిలబడి, వాళ్లు పెట్టినది తిని వెళ్తారు. మీ పరిస్థితిలో నేనైతే వహాకా కంటే వాకెచూలా వైపే మొగ్గుతాను.

గౌతమీతీరం · 2024 సెప్టెంబర్ 9

అమ్మా తుంగభద్రా, నేను డెబ్బై దాటినవాణ్ని, కొవ్వూరు వాణ్ని. శాస్త్రం ప్రకారం చూస్తే పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటి మైల మూడు రోజులే. ఏటిసూతకం కర్మ చేసిన మీ తమ్ముడికీ, ఆ ఇంటికీ వర్తిస్తుంది. అత్తగారిది మంచి మనసే. ఆవిడ అడిగినది నిన్ను ఆపడానికని నేను అనుకోను. అయితే శాస్త్రం మూడు రోజులన్నంత మాత్రాన దుఃఖం మూడు రోజులకు తీరదు కదా. నువ్వు ఉత్సవానికి వెళ్లడం లేదమ్మా, పరామర్శకు వెళ్తున్నావు. సూతకంలో ఉన్నవాళ్లు పరామర్శకు వెళ్లకూడదని నేను ఎక్కడా వినలేదు.

కాబట్టి మన పెద్దవాళ్లు పరామర్శకు ఎలా వెళ్లేవారో అలాగే వెళ్లు. రంగుల బట్టలు వద్దు, ఎక్కువ మాటలు వద్దు, వాళ్లు కూర్చోమన్నప్పుడు కూర్చో. చావు జరిగిన ఇంటి నుండి వచ్చేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదన్నది నీకు తెలిసే ఉంటుంది. అది వాళ్ల ఆచారం కాకపోయినా నీ మనసుకు పట్టింపు ఉంటే మౌనంగా లేచి రా.

గునుగుపువ్వు · 2024 సెప్టెంబర్ 11

నేను వరంగల్ అమ్మాయిని. 2022లో వహాకా వెళ్లాను, కాబట్టి ఆ ఊరి పక్షాన నాలుగు మాటలు చెప్పాలి.

మొదట అబాస్తోస్ అనే పెద్ద సంతకు వెళ్లాను. అక్టోబర్ చివరి రోజులలో ఆ సంతలో సగం పూలే. ఒక వరుస నిండా బంతి, ఆ పక్క వరుస నిండా ముదురు ఎరుపు సీతజడ. అక్కడి వాళ్లు సీతజడను మఖ్మల్ అనే అర్థం వచ్చే "తెర్సియోపెలో" అన్న పేరుతో పిలుస్తారు. ఆ రెండూ పక్కపక్కన చూసేసరికి నా కాళ్లు కదలలేదు. మా ఇంట్లో పెత్రమాస నాడు పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తాం. గునుగు, బంతి, సీతజడ ఆ పళ్లెంలోవే. పెద్దలను తలచుకున్న రోజే పూలను పేర్చడం మాకు పుట్టినప్పటి నుండి అలవాటు. అసలు బంతి పుట్టిల్లు మెక్సికోయేనని ఆ సంతలోనే నాకు తెలిసింది. మిరప, జామ వచ్చిన దారినే పోర్చుగీసు ఓడల కాలంలో అది మన దేశానికి చేరిందట. వాళ్ల పాత భాష నావత్ల్‌లో దాని పేరుకు "ఇరవై పువ్వు" అని అర్థం, అంటే రేకులు లెక్కకు మిక్కిలిగా ఉన్నదని. దాని ఘాటైన వాసన పట్టుకునే పోయినవారు దారి తెలుసుకుంటారని అమ్మే ఆవిడ చెప్పింది. అందుకే రేకులు తుంచి గుమ్మం నుండి పీఠం దాకా బాటలా పరుస్తారు.

31వ తేదీ రాత్రి అత్సోంపా శ్మశానానికి వెళ్లాను. ఆకుపచ్చ మెరుపు పూసిన మట్టిపాత్రలకు పేరుపొందిన ఊరు అది. విద్యుద్దీపాలు దాదాపు లేవు, వందల కొవ్వొత్తుల వెలుగే. ఒక సమాధి దగ్గర ఎనిమిదేళ్ల పిల్ల దుప్పటి కప్పుకుని వాళ్ల తాత సమాధికి తల ఆనించి నిద్రపోతోంది. వాళ్లమ్మ నిద్ర లేపకుండా ఆ పిల్ల జుట్టు మీద పడిన మైనపు చుక్కను గోటితో గీకి తీస్తోంది. ఆ రాత్రిలో నాకు అన్నిటికంటే స్పష్టంగా గుర్తున్నది అదే.

ఇంకొక సంగతి. ఆ ప్రాంతంలో, ముఖ్యంగా సాచిలా వైపు, ఇంట్లో ఎవరైనా పోతే రంగుల ఇసుకతో నేల మీద బొమ్మ వేసి, తొమ్మిది రోజుల ప్రార్థన పూర్తయ్యాక దాన్ని ఎత్తి శ్మశానానికి తీసుకువెళ్తారు. నవంబర్‌లో వీధులలో వేసే పెద్ద ఇసుక బొమ్మలు ఆ ఆచారం నుండి వచ్చినవే. అవి చూడగానే ముగ్గు అనుకున్నాను. తొమ్మిది రోజుల సంగతి తెలిశాక వాటి అంచుల దగ్గర కూడా జాగ్రత్తగా నడిచాను.

కెమెరా_కన్ను · 2024 సెప్టెంబర్ 12

నేను ఫొటోగ్రఫీ అభ్యాసం చేస్తున్నాను. హనిట్సియో ద్వీపం చాలా అందంగా ఉంటుందని విన్నాను. అక్కడ డ్రోను ఎగురవేయవచ్చా? సమాధుల దగ్గర మహిళలను దగ్గరగా తీయడానికి ఏ సమయం మంచిది?

పాకాల_చెరువు · 2024 సెప్టెంబర్ 12

మిత్రమా, దయచేసి డ్రోను తీసుకువెళ్లకండి. మీ అమ్మమ్మగారి దినం నాడు, పిండం పెడుతున్న మీ అమ్మగారి తలమీదుగా ఎవరో అది ఎగురవేస్తున్నట్టు ఒక్క క్షణం ఊహించుకోండి.

నేను 2019లో హనిట్సియో వెళ్లాను. మిచోఆకాన్ రాష్ట్రంలోని పాట్స్‌క్వారో సరస్సులో ఉన్న ద్వీపం అది, కొండకొమ్మున స్వాతంత్ర్య యోధుడు మోరెలోస్ 40 మీటర్ల విగ్రహం ఉంటుంది. పురేపెచా జాతి మహిళలు కుట్టుపని చేసిన గుడ్డలతో కప్పిన బుట్టలు సమాధి మీద పెట్టి, శాలువా కప్పుకుని తెల్లవారే దాకా కూర్చుంటారు. వాళ్ల మౌనం గురించి చదివే నేను వెళ్లాను. కాని ఆ రాత్రి రేవులో పడవ కోసం రెండు గంటలు నిలబడ్డాను, మెట్ల మీద జనం తోసుకుంటున్నారు, శ్మశానంలో ఫ్లాష్ వెలుగులు ఆగలేదు. ఒక పెద్దావిడ ప్రతి మెరుపుకూ కళ్లు మూసుకుని మళ్లీ తెరుస్తోంది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. నేను కూడా అప్పటికి రెండు ఫొటోలు తీసి ఉన్నాను. వాటిని తరువాత తీసివేశాను గాని, ఆ సిగ్గు మాత్రం పోలేదు.

వెళ్లవద్దని చెప్పడం లేదు. ఆ జనంతో అక్కడి పడవవాళ్లకు, చేపలు వేయించి అమ్మే కుటుంబాలకు ఏడాదిలో పెద్ద ఆదాయం ఆ రెండు రోజులే, అది కూడా నిజం. అయితే సరస్సు ఒడ్డున అరోకుతిన్, ఈవాత్సియో వంటి చిన్న ఊళ్లున్నాయి. పగటిపూట వెళ్లి, సమాధులకు పూలు కట్టడం చూసి, ఎవరైనా పలకరిస్తే మాట్లాడండి. ఫొటో కావాలంటే ముందు కెమెరా కిందికి దించి, ఆమె కళ్లలోకి చూసి అడగండి. "పుయెదో తొమార్ ఉనా ఫోతో?" అంటే చాలు. తల అడ్డంగా ఊపితే నమస్కరించి పక్కకు వచ్చేయండి.

కెమెరా_కన్ను · 2024 సెప్టెంబర్ 13

నేను ఆ కోణంలో ఆలోచించలేదు, క్షమించండి. డ్రోను తీసుకువెళ్లను.

శాసనం · 2024 సెప్టెంబర్ 15

ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ అనలేదు గాని, ప్రయాణ ప్రకటనలలో "మూడు వేల ఏళ్ల అజ్టెక్ పండుగ" అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. వెళ్లేవారు దాన్ని యథాతథంగా నమ్మకుండా ఉంటే, చూసేది ఇంకా బాగా అర్థమవుతుంది.

అజ్టెక్‌లతో సహా నావత్ల్ భాష మాట్లాడే ప్రజలకు మృతుల కోసం రెండు మాసోత్సవాలు ఉండేవి, చిన్నవారికి ఒకటి, పెద్దవారికి ఒకటి. అవి మన లెక్కలో జూలై, ఆగస్టు ప్రాంతంలో వచ్చేవి. మృతులు తొమ్మిది అంచెలు దాటి మిక్త్లాన్ అనే లోకానికి చేరతారని, దారిలో ఒక కుక్క నది దాటిస్తుందని వారి నమ్మకం. 1521లో అజ్టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్ స్పానిష్ సైన్యానికి పడిపోయిన తరువాత వచ్చిన సన్యాసులు తమ వెంట నవంబర్ 1, 2 తేదీలను తెచ్చారు. నవంబర్ 2న సకల మృతులను స్మరించే ఆచారాన్ని ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓదిలో 10వ శతాబ్దం చివర ప్రారంభించాడు. పుర్రె ఆకారంలో చేసే చక్కెర బొమ్మలకు కావలసిన చక్కెర, ఎముకల గుర్తులు వేసి కాల్చే పాన్ దె ముయెర్తో రొట్టెకు కావలసిన గోధుమ కూడా స్పెయిన్ వారి రాకతోనే వచ్చాయి. బంతి, కోపాల్, మొక్కజొన్న, తోటకూర గింజలు ఆ నేలవి. ఎల్సా మాల్విదో వంటి మెక్సికన్ చరిత్రకారులు ఇందులో ఐరోపా పాలే ఎక్కువని వాదించారు, దేశీయ మూలాలను బలంగా చెప్పే పండితులూ ఉన్నారు. నా అభిప్రాయంలో ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క పాలు ఎక్కువ. అందుకే మెక్సికో నగర శివారులోని మీస్కిక్‌లో చూసినది హుచితాన్‌లో కనిపించదు.

పూలటోపీ పెట్టుకున్న అస్థిపంజరం స్త్రీ బొమ్మ కత్రీనా వయసు మాత్రం నూరేళ్లకు కాస్త ఎక్కువ. అగ్వాస్‌కాలియెంతెస్‌లో పుట్టిన అచ్చుబొమ్మల కళాకారుడు హోసే గ్వాదలూపే పోసాదా (1852-1913) తన చివరి సంవత్సరాలలో ఆ బొమ్మ చెక్కాడు. దేశీయ మూలాలను దాచుకుని ఐరోపా వేషం వేసే స్త్రీలపై అది ఎత్తిపొడుపు. చిత్రకారుడు డియెగో రివేరా 1947లో వేసిన గోడచిత్రంలో ఆమెకు నిలువెత్తు రూపం, ఆ పేరు స్థిరపడ్డాయి. మెక్సికో నగరంలోని భారీ ఊరేగింపు వయసు ఇంకా తక్కువ. 2015లో విడుదలైన జేమ్స్ బాండ్ చిత్రంలో కల్పించిన ఊరేగింపును చూసి, 2016లో నగరం నిజంగానే అటువంటిది మొదలుపెట్టింది. అయినా దాన్ని తీసిపారవేయనక్కరలేదు. 2017 సెప్టెంబర్ 19 భూకంపం తరువాత జరిగిన ఊరేగింపును శిథిలాల నుండి మనుషులను వెలికితీసిన సహాయక బృందాలకు నివాళిగా ఆరంభించారు. యునెస్కో 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినది మాత్రం దేశీయ సమాజాలు కుటుంబాలలో, ఊళ్లలో పాటించే ఆచారాన్ని.

ఫిరంగిపురం_వాసి · 2024 సెప్టెంబర్ 16

శాసనం గారు నవంబర్ 2 గురించి రాశారు కాబట్టి చెబుతున్నాను. మేము గుంటూరు జిల్లా కథోలికులం. మా ఊళ్లలో ఆ రోజునే సమాధుల పండుగ చేస్తాం. వారం ముందు నుండే కలుపు తీసి, సున్నం వేసి, ఆ రోజు సాయంత్రం బంతిపూల దండలు వేసి, కొవ్వొత్తులు వెలిగించి, ఫాదర్ గారు వచ్చి సమాధులు ఆశీర్వదించే వరకు అక్కడే ఉంటాం. పట్నాలలో స్థిరపడిన పిల్లలు క్రిస్మస్‌కు రాకపోయినా ఆ రోజుకు వస్తారు. కరీంనగర్‌లో దళిత కుటుంబాలు దీపావళి నాడు తమవారి సమాధుల దగ్గర దీపాలు పెట్టి, పిండివంటలు ఉంచి, అక్కడే పండుగ చేసుకోవడం కూడా చాలామందికి తెలిసే ఉంటుంది. ఈ ఏడాది దీపావళి అక్టోబర్ 31న వస్తోంది. తుంగభద్ర గారూ, మీరు అక్కడ ఉన్న రాత్రే ఇక్కడ కూడా సమాధుల మీద దీపాలు వెలుగుతాయి.

తుంగభద్ర · 2024 సెప్టెంబర్ 18

అందరికీ కృతజ్ఞతలు. గౌతమీతీరం గారి మాటలు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "పరామర్శకైతే వెళ్లు, కొవ్వొత్తి నా తరఫున కూడా ఒకటి పెట్టు" అన్నారు. వాకెచూలాకే వెళ్లాలని నిశ్చయించుకున్నాను. నేను శాకాహారిని. వాళ్లు పెట్టినది తినకపోతే అవమానించినట్టవుతుందేమోనన్నది ఇప్పుడు నా భయం. వీసా సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

కొల్లేటి_కొంగ · 2024 సెప్టెంబర్ 18

చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ముద్ర పాస్‌పోర్టులో ఉంటే భారతీయులకు మెక్సికో వీసా విడిగా అవసరం లేదు. ముద్ర గడువు తీరి ఉంటే మాత్రం బయలుదేరే ముందే కాన్సులేట్‌లో అడిగి తెలుసుకోండి.

భోజనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. తమాలె అనే మొక్కజొన్న పిండి వంటకాలలో ఎక్కువగా పంది కొవ్వు కలుపుతారు, తీపివాటిలో కూడా. మోలె అనే చిక్కని మిరప పులుసును కోడి రసంతో చేస్తారు. రొట్టెలో గుడ్డు, వెన్న ఉంటాయి, దాన్ని పుయెబ్లా వైపు ఒహల్‌ద్రా అంటారు. మీరు తినగలిగినవి కూడా తక్కువేమీ కాదు. నీళ్లలో కాచిన చాక్లెట్, జామపళ్లు, చెరకు ముక్కలు, నారింజలు, తోటకూర గింజలను తేనెతో కట్టిన ఉండలు, మన బెల్లం అచ్చుల వంటి పిలోన్‌సియోతో ఉడికించిన గుమ్మడికాయ. గిన్నె మీ ముందు పెట్టినప్పుడు "సోయ్ వెహెతరియానా" అని చెప్పి, చేయి గుండె మీద పెట్టుకోండి. నా భార్య అలాగే చేస్తుంది. ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు, వెంటనే లోపలికి వెళ్లి పండో చాక్లెట్టో తెస్తారు. మనవాళ్లు చాలామంది భయపడి గడప బయటి నుండే తిరిగి వెళ్తారు. అలా వెళ్లడమే వాళ్లను బాధపెడుతుంది.

కొవ్వొత్తి పుయెబ్లాలోనో అత్లిస్కోలోనో ముందే కొనండి. సన్నని పొడుగువి, తెల్లవి కొనండి. ఎన్ని ఇళ్లకు వెళ్లదలచుకున్నారో అన్ని ఉండాలి. అత్లిస్కో లోయలో ఆ రోజులలో బంతితోటలు పూర్తిగా విచ్చి ఉంటాయి, పగటి వెలుగు ఉండగానే ఆ దారిన వెళ్లండి.

తుంగభద్ర · 2024 నవంబర్ 10

వెళ్లివచ్చాను. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, రాయడానికి మనసు కుదుటపడలేదు.

మెక్సికో నగరం నుండి పుయెబ్లాకు బస్సులో రెండు గంటలకు పైగా పట్టింది. నవంబర్ 1 ఉదయం అత్లిస్కో మీదుగా వాకెచూలా చేరాను. దారి పొడవునా బంతితోటలు, వాటి వెనుక పోపోకాతెపెత్ల్ అగ్నిపర్వతం కొద్దిగా పొగ వదులుతూ కనిపించింది. ఊరి నడుమ 16వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ మఠం ఉంది. చూడవచ్చిన జనం నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ. కొన్ని ఇళ్ల ముందు వరుసలు వీధి మలుపు దాకా ఉన్నాయి. ఆ వరుసలో నిలబడినప్పుడు నాకు మొదట చాలా ఇబ్బందిగా అనిపించింది. ఏదో ప్రదర్శనకు వచ్చినట్టుందని వెనక్కు తిరుగుదామా అనుకున్నాను. కాని నా ముందు నిలబడినవారిలో సగం మంది ఆ ఊరివాళ్లే, ప్రతి ఒక్కరి చేతిలో కొవ్వొత్తి ఉంది, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

రెండు పెద్ద ఇళ్లు చూసిన తరువాత, వరుస లేని ఒక చిన్న ఇంటి ముందు ఆగాను. వీధి నుండి గుమ్మం దాకా బంతిరేకుల బాట ఉంది. రేకులను తొక్కకూడదేమోనని పక్కగా నిలబడితే, లోపలి నుండి ఒక పెద్దావిడ చేతితో రమ్మని సైగ చేశారు. గది మొత్తం పీఠమే. తెల్లని శాటిన్‌ను కుచ్చులుగా మడిచి, మూడు అంతస్తులు కట్టారు. కుచ్చుల మధ్య గుండుసూదుల తలలు వరుసగా మెరుస్తున్నాయి. కింది అంతస్తులో ఏడుస్తున్న పిల్లల మట్టిబొమ్మలు మోకాళ్ల మీద ఉన్నాయి. పోయినాయన ఫొటో నేరుగా కనబడదు, లోపలికి తిప్పి పెట్టి ఉంది. ఎదురుగా ఉన్న అద్దంలో మాత్రమే ఆయన ముఖం కనిపిస్తుంది. ఆయన ఇప్పుడు వేరే లోకంలో ఉన్నారు గనుక అలా పెడతారని ఆవిడ మనవడు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ అద్దం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మా నాన్నగారి ఆఖరి చూపు కూడా నాకు ఒక గాజు పలకలోనే దక్కింది. ఆ సంగతి వాళ్లకు ఎలా చెప్పాలో తెలియలేదు.

రెండు కొవ్వొత్తులు ఇచ్చాను, ఒకటి నాది, ఒకటి మా అత్తగారిది. రెండు ఎందుకని ఆవిడ అడిగారట, మనవడు తర్జుమా చేశాడు. మా నాన్నగారు మార్చిలో పోయారనీ, నేను అందుకోలేకపోయాననీ చెప్పాను. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాన్నగారి పేరు అడిగారు. చెప్పాను. ఆవిడకు నోరు తిరగలేదు. నేను మళ్లీ చెప్పాను, ఆవిడ మళ్లీ పలికారు, మూడోసారికి సరిగ్గా వచ్చింది. తరువాత తన భర్త పేరు, ఆ పక్కనే మా నాన్నగారి పేరు చెప్పి శిలువ గుర్తు వేసుకున్నారు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఎనిమిది నెలలలో పక్కన మనుషులు ఉండగా ఏడవడం అదే మొదలు. ఎవరూ ఊరుకోమని అనలేదు. మనవడు వెళ్లి మట్టికప్పులో చాక్లెట్ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లిపోయాడు. గుండె మీద చేయి పెట్టుకుని చెప్పవలసిన మాట గుర్తుకు రానేలేదు, అవసరమూ పడలేదు. పళ్లెంలో జామపండు, గుమ్మడికాయ ముక్క వచ్చాయి. ఆ గుమ్మడికాయ మా అమ్మ చేసే బెల్లం గుమ్మడి రుచే, అందులో దాల్చినచెక్క ఒక్కటే తేడా.

లేచేటప్పుడు గౌతమీతీరం గారు చెప్పినట్టే ఏమీ అనకుండా చేతులు జోడించి బయటికి వచ్చాను. ఆవిడ నా వెంట రేకుల బాట చివర దాకా, వీధిలోకి వచ్చారు. కాగితపు రుమాలులో చుట్టిన రొట్టె చేతిలో పెట్టి, "అస్తా ఎల్ అన్యో కె వియెనె" అన్నారు. మళ్లీ ఏడాదికి కలుద్దామని దానికి అర్థమట. నాకు నోటివెంట తెలుగే వచ్చింది, "వెళ్లొస్తానమ్మా" అనేశాను. అన్న తరువాత గాని అనకూడదని గుర్తుకు రాలేదు. గౌతమీతీరం గారూ, దానికి దోషమేమైనా ఉంటే చెప్పండి, చేయవలసినది చేస్తాను.

ఫొటోలు అడుగుతూ కొందరు సందేశాలు పంపారు. పీఠాలు తీయలేదు, అత్లిస్కో దగ్గర తోటలు మాత్రం నాలుగు తీశాను, రేపు జతచేస్తాను. సంవత్సరీకానికి మార్చిలో కర్నూలు వెళ్తున్నాను, టికెట్లు తీసుకున్నాను. వహాకా బసల గురించి అడిగినవారు గునుగుపువ్వు గారిని అడగండి, ఆ ఊరు నేను చూడలేదు.

గౌతమీతీరం · 2024 నవంబర్ 10

దోషం లేదమ్మా. ఆవిడ రమ్మన్నాకే కదా నువ్వు వస్తానన్నది.